కట్టెల మోపు బరువెంత? పర్యావరణ ఆర్థికశాస్త్రంలోకి రావాలనుకునే విద్యార్థికి నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతున్నారు. పర్యావరణం, సహజ వనరుల మీద పరిశోధన చేయాలని ఉంది. ఇంట్లోవాళ్ళేమో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. "ఈ దారిలో ప్రొఫెసర్ అయినవాళ్ళు అసలు ఏం పని చేస్తారు, లెక్కలు ఎంత రావాలి, బతుకుదెరువు ఉంటుందా?" అని అడిగారు. నేను ఇదే సబ్జెక్టులో దాదాపు ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, పరిశోధన చేసి, ఈమధ్యే రిటైరయ్యాను. ఉద్యోగాల సంగతి తర్వాత చెబుతాను. ముందు పని ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. బయటివాళ్ళు అనుకునేది వేరు, మేం చేసేది వేరు.

చాలామంది దీన్ని చెట్లు నాటమని చెప్పే చదువు అనుకుంటారు. కాదు. బజారులో ధర పలకని వాటికి లెక్క కట్టడం మా పని. వడ్లకు ధర ఉంది, వాటిని పండించిన బోరు నీళ్ళకు లేదు. మేకకు ధర ఉంది, అది మేసిన బంచరాయికి లేదు. ధర లేదు కాబట్టి సర్కారు పద్దుల్లో కనబడదు. కనబడదు కాబట్టి అది పోయినా ఎవరికీ నష్టం వచ్చినట్టు అనిపించదు. ఆ నష్టం ఎవరి ఇంట్లో పడుతోందో వెతికి పట్టుకోవడంలోనే నా సర్వీసంతా గడిచింది.

అది నాకు ఎలా అర్థమైందో చెబుతాను. 1990 వేసవి. పీహెచ్‌డీలో చేరి ఏడాది అయింది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మెట్ట ఊరు ఎంచుకున్నాను. నలభై పేజీల ప్రశ్నపత్రం సైక్లోస్టైల్ చేయించుకుని బస్సు దిగాను. అందులో ఒక ప్రశ్న, "గత సంవత్సరం మీ కుటుంబం ఉమ్మడి భూముల నుంచి సేకరించిన వంటచెరకు ఎన్ని క్వింటాళ్ళు?" మొదటి ఇంట్లోనే ఒక పెద్దామె, చాటలో బియ్యం చెరుగుతూ, "క్వింటాలంటె వడ్లకు గద సారూ, కట్టెలకు క్వింటాలేంది?" అంది. మోపులు లెక్క చెప్పమన్నాను. ఎండాకాలం మోపు వేరు, వానాకాలం మోపు వేరు, బిడ్డ తెచ్చే మోపు వేరు అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు టౌనుకు పోయి పత్తి తూచే వేలాడే కాటా ఒకటి కొనుక్కొచ్చాను. ఆ మరుసటి రోజు ఆమె వెంట కంచెకు, అంటే ఊరి ఉమ్మడి పొదల అడవికి, పోయాను. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. తిరిగొచ్చేసరికి పదకొండు. పదేళ్ళ కింద ఊరి చివరనే కట్టె దొరికేదట, ఇప్పుడు రెండు గుట్టలు దాటాలి. వేపకొమ్మకు కాటా కట్టి మోపు తగిలించాం. ఇరవై నాలుగు కిలోలు.

టౌన్లో హోటళ్ళు కట్టెలు కొనే ధరతో గుణించి ఏడాది లెక్క వేశాను. అంకె బాగానే వచ్చింది. మా గైడు గారు చూసి, "ఆమె ఆరు గంటలు కష్టపడింది కదా, ఆ కూలి తీసెయ్యి" అన్నారు. తీసేస్తే మిగిలింది దాదాపు సున్నా. అంటే ఆ కంచె వల్ల ఆ ఇంటికి లాభమే లేదా? నెల రోజులు అదే టెన్షన్. జవాబు మళ్ళీ ఊళ్ళోనే దొరికింది. ఎండాకాలంలో ఆ ఊళ్ళో కూలి పని లేదు. పనే దొరకని రోజున ఆమె సమయానికి పూర్తి కూలి రేటు కడితే అది తప్పుడు లెక్క. నాట్లు, కలుపుల రోజుల్లో ఆమె కంచెకు పోనే పోదు, నిలవ ఉంచిన కట్టె వాడుకుంటుంది. అంటే ఆ కంచె విలువ నెలనెలకూ మారుతోంది. కూలి దొరకని నెలల్లోనే అది ఆ ఇంటిని ఆదుకుంటోంది. ఏడాదికి ఒక్క అంకె రాసుకుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

ఈ రంగంలో నేను అందరికన్నా ఎక్కువ గౌరవించే పేరు ఎన్.ఎస్. జోధా. రాజస్థాన్‌కు చెందిన ఆర్థికవేత్త. ఆయన పనికీ మన నేలకూ సూటిగా సంబంధం ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) 1975లో ఊళ్ళ అధ్యయనం ఒకటి మొదలుపెట్టింది. మూడు జిల్లాల్లో ఆరు ఊళ్ళు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి అవురేపల్లి, దోకూరు, మహారాష్ట్ర షోలాపూర్, అకోలా జిల్లాల నుంచి రెండేసి. ఒక్కో ఊళ్ళో నలభై కుటుంబాలు. సర్వే చేసేవాళ్ళు ఆ ఊళ్ళోనే కాపురం ఉండి, మూడు నాలుగు వారాలకోసారి అవే ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఏం పండింది, ఏం తిన్నారు, ఎక్కడ అప్పు తెచ్చారు అని రాసుకునేవారు. పదేళ్ళు అలా సాగింది. అభివృద్ధి ఆర్థికశాస్త్రం చదివే ప్రపంచ విద్యార్థులకు అవురేపల్లి పేరు తెలుసు. మన దగ్గర ఎంఏ విద్యార్థులకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

జోధా ఆ అనుభవంతో ఇంకా విస్తరించి, అప్పటి ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 21 జిల్లాలు, ఎనభైకి పైగా ఊళ్ళు తిరిగారు. మేత భూములు, ఊరి అడవి, చెరువు శిఖం, వాగు ఒడ్డు లాంటివాటి నుంచి ఎవరికి ఎంత వస్తోందో లెక్క కట్టి 1986లో ప్రచురించారు. పేద కుటుంబాల ఆదాయంలో సుమారు 15 నుంచి 25 శాతం వీటి నుంచే వస్తోందని తేలింది. ఉన్నవాళ్ళకు అందులో దక్కేది చాలా స్వల్పం. 1950ల మొదటి నుంచి 1980ల మొదటి వరకు ఈ ఉమ్మడి భూముల విస్తీర్ణం ఆయా రాష్ట్రాల్లో 31 నుంచి 55 శాతం దాకా తగ్గిపోయిందని కూడా చూపించారు. పేదలకు పంచుతామని తీసిన భూమిలో ఎక్కువ భాగం పేదలు కానివాళ్ళ చేతికే పోయింది.

సరే, ఇప్పుడు అసలు విషయం. 1998 జనవరి నుంచి జూన్ దాకా జాతీయ నమూనా సర్వే తన 54వ రౌండులో ఉమ్మడి వనరుల మీద దేశమంతా సర్వే చేసింది. గ్రామీణ కుటుంబాల్లో 48 శాతం ఏదో ఒకటి సేకరిస్తున్నాయి, కుటుంబానికి సగటున ఏడాదికి 693 రూపాయల విలువ, మొత్తం ఖర్చులో 3 శాతం అని తేల్చింది. అటు 15 నుంచి 25. ఇటు 3. ఏది నిజం?

నా క్లాసులో ప్రతి ఏడాదీ మొదటి రోజే ఈ రెండు అంకెలు బోర్డు మీద రాసేవాణ్ణి. పిల్లలు వెంటనే ఒకరు తప్పు చేసి ఉంటారనేవారు. ఎవరూ తప్పు చేయలేదు. సర్వేది దేశంలోని గ్రామీణ కుటుంబాలన్నిటి సగటు. అందులో ట్రాక్టరు ఉన్న ఇల్లూ ఉంది, కాలువ కింద మూడు పంటలు తీసే ఇల్లూ ఉంది. జోధా చూసింది మెట్ట ఊళ్ళలోని పేద ఇళ్ళను. సర్వే మనిషి ఇంటికి ఒకసారి వచ్చి గడిచిన ఏడాదంతా గుర్తు చేసుకోమంటాడు. ఉదయం ఏరుకొచ్చిన తుమ్మికూర, పిల్లలు గుట్ట మీద తిన్న సీతాఫలాలు, కుట్టి అమ్మిన మోదుగ విస్తళ్ళు ఎవరికి గుర్తుంటాయి? ఊళ్ళో ఉండి చూసేవాడికి మాత్రం అవి కళ్ళముందే జరుగుతాయి. పైగా ఒకటి ఆదాయంలో వాటా, ఇంకొకటి ఖర్చులో వాటా. ఇంత విప్పి చూడగలిగితే మీకు ఈ సబ్జెక్టు సగం వచ్చినట్టే. ఎవరు కొలిచారు, ఎన్నిసార్లు వెళ్ళారు, ఎవరిని అడిగారు అన్న మూడు ప్రశ్నలు అడక్కుండా ఏ అంకెనూ నమ్మకండి. నా అంకెలను కూడా.

జోధా చేసిన ఇంకో పని కూడా చెప్పాలి. రాజస్థాన్‌లో రెండు ఊళ్ళను 1960ల మధ్యలో ఒకసారి చూసి, ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళారు. ఆదాయం 5 శాతానికి మించి తగ్గిన కుటుంబాలను విడిగా తీశారు. లెక్క ప్రకారం వాళ్ళు ఇంకా పేదలయ్యారు. కానీ వాళ్ళనే కూర్చోబెట్టి, మీ బతుకులో ఏం మారిందని అడిగితే వేరే సంగతులు బయటికొచ్చాయి. ఇప్పుడు దొర ఇంట్లో వెట్టి చేయక్కర్లేదు. షావుకారు ఒక్కడి మీదే ఆధారపడక్కర్లేదు. కాళ్ళకు చెప్పులున్నాయి. వాళ్ళ కొలతలో వాళ్ళు బాగుపడ్డారు. ఆదాయం కొలిచే పద్ధతి తప్పని కాదు, అది కొలవనిది చాలా ఉందని. ఈ పని ఆయనకు సాధ్యమైంది ఒకే ఊరికి రెండోసారి వెళ్ళడం వల్ల. నేనూ 1990 నాటి ఆ ఊరికి 2003లో, 2015లో మళ్ళీ వెళ్ళాను. నా ప్రచురణలన్నిటిలోకీ నాకు తృప్తినిచ్చింది ఆ మూడు సార్ల లెక్కలు పక్కపక్కన పెట్టి రాసినదే.

ఉమ్మడి వనరు అనగానే క్లాసుల్లో మొదట చెప్పేది 1968 నాటి గారెట్ హార్డిన్ వాదన. అందరి మేతభూమి ఎవరిదీ కాకుండా పోతుంది, ఎవరికి వాళ్ళు పశువులు పెంచుకుంటూ పోయి నాశనం చేస్తారు అని. దానికి గట్టి జవాబు మన కర్నూలు జిల్లా నుంచి వచ్చిందని మీకు తెలుసా? రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువ కింది ఊళ్ళు తిరిగి 1988లో పుస్తకం వేశారు. అసలు ఊరి పేరు దాచి కొత్తపల్లె అని పెట్టారు. కాలువ మొదట్లో, నీళ్ళు పుష్కలంగా ఉన్న ఊళ్ళలో ఏ కట్టుబాటూ లేదు. కాలువ చివర, నీళ్ళు వస్తాయో రావో తెలియని ఊళ్ళలో మాత్రం రైతులే కలిసి నీళ్ళు పంచే మనుషుల్ని, పంట కాపలాదారుల్ని జీతానికి పెట్టుకున్నారు. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కును అమ్మి ఆ డబ్బుతో ఊరి నిధి నడిపారు. సర్కారు చెప్పలేదు, చట్టం లేదు. అవసరం, లాభం రెండూ ఉన్నచోట జనం కట్టుబాటు పెట్టుకుంటారని ఆయన చూపించారు. ఉమ్మడి వనరులను జనమే కలిసి కాపాడుకోగలరన్న తన సిద్ధాంతానికి అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ వాడుకున్న ఆధారాల్లో వేడ్ పని కూడా ఉంది.

లెక్కలు ఎంత రావాలన్న మీ రెండో ప్రశ్నకు ఆస్ట్రమ్ కథే జవాబు. ఆమెకు స్కూల్లో త్రికోణమితి తీసుకోనివ్వలేదు. ఆ లెక్కల లోటు వల్లే యూనివర్సిటీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ సీటు రాలేదు. రాజనీతిశాస్త్రంలో చేరి, లాస్ ఏంజెలెస్ దగ్గర భూగర్భజలాలను తోడేవాళ్ళు తమలో తాము ఎలా ఒప్పందానికి వచ్చారన్న విషయం మీద 1965లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమే. దీన్ని చూసి లెక్కలు అక్కర్లేదనుకోకండి. ఆమె తర్వాత గేమ్ థియరీ పట్టుబట్టి నేర్చుకున్నారు. మీకు కాల్‌క్యులస్, ఆప్టిమైజేషన్, ఎకనామెట్రిక్స్ భయం లేకుండా చేయగలిగినంత రావాలి. ఎంఏలో అర్థం కాకుండా దాటేసిన చాప్టర్లు ఉంటే ఇప్పుడే కూర్చుని పూర్తి చేయండి. ఆలస్యం కాలేదు.

లెక్కలు ఎందుకు కావాలో బోరుబావి చూస్తే తెలుస్తుంది. మన దేశం ఏటా దాదాపు 24,000 కోట్ల ఘనపు మీటర్ల భూగర్భజలం తోడుతోంది. టీఎంసీల్లో చెప్పుకుంటే సుమారు 8,500. ప్రపంచంలో ఇంత తోడే దేశం ఇంకొకటి లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచీ భూమి ఎవరిదో దాని కింది నీళ్ళు వాళ్ళవన్నట్టే నడుస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. అంటే ఇంకో గంట మోటారు వేస్తే రైతుకు అయ్యే అదనపు ఖర్చు సున్నా. నేను ఒక గంట ఆపితే ఆ నీళ్ళు పక్కాయన బోరులోకి పోతాయి. ఇక ఎవరు ఆపుతారు? నాకు తెలిసిన ఒక రైతు ఎకరంన్నరలో ఏడు బోర్లు వేశాడు, ఒక్కటే పడింది. ఆ ఆరు ఎండు గుంతల మీద ఎక్కిన అప్పు ఆయన కొడుకు ఇంకా కడుతున్నాడు. ఆయనకు అత్యాశ లేదు. పక్కవాళ్ళు లోతుకు పోతుంటే ఆయనకు ఉన్న దారి ఇంకా లోతుకు పోవడమే. ఒక్కొక్కరి తెలివైన నిర్ణయాలు కలిసి అందరినీ ఎలా ముంచుతాయో సమీకరణాల్లో చూపించడానికి, కరెంటుకు కొంచెం ధర పెడితే ఏమవుతుంది, బోర్ల మధ్య దూరం పెంచితే ఏమవుతుంది అని ముందే లెక్క వేయడానికి గణితం కావాలి.

ఇది మారే వీలు లేదనుకోకండి. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది, కాగితం మీద బోర్ల రిజిస్ట్రేషన్ ఉంది, పొలాల్లో దాని ప్రభావం నాకు పెద్దగా కనబడలేదు. దానికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది రైతులే భూగర్భజలాలను చూసుకునే ఏపీఫామ్స్ ప్రాజెక్టు. ఏడు కరువు జిల్లాల్లో జరిగింది, మీ నల్లగొండ కూడా అందులో ఉంది. వానను రైతులే కొలిచేవాళ్ళు. బోర్లలో నీటిమట్టం వాళ్ళే కొలిచి గోడ మీద రాసేవాళ్ళు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఇన్ని నీళ్ళున్నాయి, అనుకున్న పంటలన్నీ వేస్తే ఇన్ని కావాలి అని పంటనీటి బడ్జెట్ వేసుకునేవాళ్ళు. ఎవరినీ వరి వేయొద్దనలేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. ఒక మీటింగులో నేను వెనక కూర్చుని చూశాను. చదువు రాని ఒక ముసలాయన లేచి, తన బోరు మట్టం మూడు నెలల అంకెలు నోటితో చెప్పి, "ఈసారి నేను ఎకరం తగ్గిస్తున్న" అన్నాడు. నేను రాసిన సమీకరణంలో ఆ మనిషికి చోటు లేదు. అతన్ని ఎలా చేర్చాలన్నది ఇంకో పదేళ్ళ పరిశోధన అయింది నాకు.

వడ్డీరేటు గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ సబ్జెక్టులో పెద్ద పోట్లాటలన్నీ చివరికి అక్కడికే వస్తాయి. రేపు వచ్చే రూపాయికి ఇవాళ విలువెంత? 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ ఇచ్చిన వాతావరణ నివేదిక సుమారు 1.4 శాతం రేటు వాడింది. ఆ లెక్కన వందేళ్ళ తర్వాతి 100 రూపాయల నష్టం ఇవాళ 25 రూపాయలతో సమానం. అదే 5 శాతం రేటు పెడితే 76 పైసలు. ఒక రేటుతో ఇప్పుడే గట్టిగా ఖర్చు పెట్టాలని వస్తుంది, ఇంకో రేటుతో మెల్లగా చేద్దామని వస్తుంది. 2018లో నోబెల్ వచ్చిన విలియం నార్డ్‌హౌస్, స్టెర్న్ రేటు మరీ తక్కువని వాదించారు. ఇదంతా జర్నళ్ళలో చదివాను. కానీ నాకు ఒంటబట్టింది మా ఊళ్ళో ఒకాయన తాత నాటిన చింతచెట్టును ఇటుకబట్టీకి అమ్మేసిన రోజున. ఏటా కాయ దిగే చెట్టు ఎందుకు అమ్మావని అడిగితే, రెండు రూపాయల వడ్డీకి తెచ్చానన్నాడు. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24. ఆ రేటుకు పదేళ్ళ తర్వాత వచ్చే 100 రూపాయలు ఇవాళ 12 రూపాయలు కూడా కావు. ఆయన లెక్క తప్పలేదు. రెండు రూపాయల వడ్డీ కట్టేవాడికి ముప్పై ఏళ్ళ చెట్టు గురించి ఉపన్యాసం ఇచ్చే ముందు ఆ అప్పు సంగతి చూడాలి. పర్యావరణ సమస్య అనుకున్నది చాలాసార్లు అప్పు సమస్య అయి తేలుతుంది.

మా పని ప్రభుత్వం వింటుందా అని మీరు నేరుగా అడగలేదు కానీ అది మీ మనసులో ఉంటుంది. కొన్నిసార్లు వింటుంది. అడవి భూమిని గనికో డ్యాముకో మళ్ళిస్తే కట్టాల్సిన నికర వర్తమాన విలువ (ఆ అడవి ముందు ముందు ఇచ్చే ప్రయోజనాల విలువ ఇవాళ్టి డబ్బులో) ఎంతో తేల్చమని, అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షురాలు ఢిల్లీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్ ప్రొఫెసర్ కాంచన్ చోప్రా. కలప, వెదురు, పశువుల మేత, నీటి ప్రయోజనం, కార్బన్ ఒక్కొక్కటిగా లెక్క కట్టారు. 2008లో కోర్టు అడవి రకాన్ని, దట్టాన్ని బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా రేట్లు ఖరారు చేసింది. ఒక ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ జీవితకాలంలో ఇంతకన్నా పెద్ద పని ఏముంటుంది? అయితే నాకు ఒక అసంతృప్తి ఉంది. ఆ డబ్బు ప్రభుత్వ నిధికి పోతుంది. తునికాకు ఏరుకునే ఇంటికి జరిగిన నష్టం ఆ ఇంటికి నేరుగా చేరదు. విలువ కట్టడం ఒక సగం, అది ఎవరికి చెందాలో చెప్పడం రెండో సగం. రెండోది మీ తరం చేయాలి.

కొన్నిసార్లు వినదు. నేను రెండేళ్ళు కష్టపడి చేసిన ఒక నివేదిక, పరిశ్రమల నీళ్ళు చేరిన చెరువు కింద రైతులు ఎంత నష్టపోయారన్నది, ఒక శాఖకు ఇస్తే బీరువాలోకి పోయింది. మూడుసార్లు అడిగాను. చాలా బాధపడ్డాను. తర్వాత దాన్నే తెలుగులో పది పేజీలకు కుదించి ఆ ఊళ్ళలో పంచాను. ఏడాది తర్వాత ఆ రైతుల తరఫు వకీలు అందులోని పట్టికలు తీసుకుని కోర్టులో దాఖలు చేశారు. అప్పటి నుంచి ప్రతి నివేదికకూ తెలుగు ప్రతి ఉండాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. మనం ఎవరి బతుకు లెక్క కట్టామో వాళ్ళు దాన్ని చదవగలగాలి.

ఇక బతుకుదెరువు. యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకోవడం మొదటి మెట్టు. అది వస్తే ఇంట్లో మాట కాస్త తేలికవుతుంది, నెలనెలా డబ్బు వస్తుంది కాబట్టి. పీహెచ్‌డీకి అయిదారేళ్ళు పడుతుందని ముందే మనసులో పెట్టుకోండి. హైదరాబాద్‌లో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. బయట ఢిల్లీ ఐఈజీ (ఇందాక చెప్పిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్), బెంగళూరు ఐసెక్ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ చేంజ్), మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఢిల్లీ ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్). చేరేముందు సంస్థ పేరు కన్నా గైడు ఎవరో చూడండి. ఆయన దగ్గర గత అయిదేళ్ళలో పీహెచ్‌డీ చేసినవాళ్ళకు ఫోన్ చేసి మాట్లాడండి. ఖాట్మండూ కేంద్రంగా 1999 నుంచి శాండీ అనే నెట్‌వర్క్ దక్షిణాసియా యువ పరిశోధకులకు శిక్షణ, చిన్న గ్రాంట్లు ఇస్తూ వచ్చింది, దాని వర్కింగ్ పేపర్లు చదివితే మంచి ప్రశ్న ఎలా అడగాలో తెలుస్తుంది. పర్మనెంట్ పోస్టులు తక్కువ, నిజమే. నా విద్యార్థుల్లో కొందరు పీహెచ్‌డీ తర్వాత నాలుగేళ్ళు ప్రాజెక్టు ఉద్యోగాల్లోనే ఉన్నారు. దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో పరిస్థితి ఇబ్బందిగా ఉంటే బ్యాంకు పరీక్ష రాయడంలో తప్పేమీ లేదు. గ్రామీణ బ్యాంకులో మూడేళ్ళు పనిచేసి వచ్చిన ఒకమ్మాయి నా దగ్గర పీహెచ్‌డీ చేసింది. పంట రుణాల గురించి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు.

మా రోజుల్లో లేనిది, మీకున్నది ఉపగ్రహ చిత్రం. లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితం. ఢిల్లీ ఐఎస్‌ఐ ప్రొఫెసర్ ఇ. సోమనాథన్, సహచరులు ఉత్తరాఖండ్ అడవులను అలాంటి చిత్రాలతోనే పోల్చి చూశారు. ఊరి వన పంచాయతీలు చూసుకునే అడవి, అటవీశాఖ అడవికి ఏమాత్రం తీసిపోలేదని, ఖర్చు మాత్రం అందులో పదో వంతు స్థాయిలోనే ఉందని 2009లో తేల్చారు. కాబట్టి ప్రోగ్రామింగ్ భాషల్లో ఆర్ గానీ పైథాన్ గానీ ఒకటి, మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకోండి. కానీ పైనుంచి పచ్చగా కనబడేది సర్కారు తుమ్మో, వేపతోపో చిత్రం చెప్పినా, దాని కింద మేకలు మేస్తున్నాయా, కాపలా ఉందా అన్నది చెప్పదు. అక్కడికి నడవాల్సిందే.

మీరు నల్లగొండ అన్నారు కాబట్టి ఒక పని చెబుతాను, ఈ సెలవుల్లోనే చేయొచ్చు. మీ ఊరి ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూములన్నీ సర్వే నంబర్లవారీగా రాసిన 1954-55 నాటి రికార్డు, తహసీల్దార్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టండి. అందులో బంచరాయి, గైరాన్ (ఈ రెండూ మేత భూములే), శిఖం, పోరంబోకు అని రాసిన సర్వే నంబర్లన్నీ ఒక కాగితం మీద ఎకరాలతో సహా ఎక్కించండి. తర్వాత ఊళ్ళో గొర్లు కాసే పెద్దమనిషిని ఒకరిని బతిమాలి వెంట తీసుకుని ఒక్కో నంబరు దగ్గరికీ నడవండి. ఇప్పుడు అక్కడ ఏముంది, ఎవరి చేతిలో ఉంది, ఎప్పటి నుంచి, అంతకుముందు అక్కడ ఏం దొరికేది, ఎవరు తెచ్చుకునేవాళ్ళు అని అడిగి రాసుకోండి. వెళ్ళేటప్పుడు ఒక వేలాడే కాటా తీసుకెళ్ళండి. దారిలో మోపుతో ఎవరైనా ఎదురైతే ఆపి, అనుమతి అడిగి తూచండి. ఆ కాగితాలు తయారయ్యాక ఇక్కడే ఫోటోలు పెట్టండి. నేను చూస్తాను.